అంగుళం బొమ్మ మీద ఎండ

మొన్న సంక్రాంతికి జంషెడ్‌పూర్ కద్మాలో మా అక్క వాళ్లింట్లో బొమ్మల కొలువు పెట్టారు. పై మెట్ల మీద దేవుళ్లు. మధ్య మెట్ల మీద కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, గీత కార్మికుడు ఎక్కుతున్న తాడిచెట్టు. అన్నిటికన్నా కింది మెట్టు చివర, సీసా మూతంత గుండ్రటి దిమ్మె మీద, బొటనవేలి పైకణుపంత మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, ఎర్ర నడికట్టు, తలపాగా, చేతిలో కత్తి. వంగి చూస్తే పంచె మడతల్లో నీడ ఉంది. కత్తి అంచున ఆకాశం ఉంది. గదిలో వెలుగుతున్నది ట్యూబ్‌లైటు. వాడి ఒంటి మీద పడుతున్నది మాత్రం పొద్దుటి ఎండ.

ఆ ఎండ పెట్టినవాడు నా మేనల్లుడు. పగలు ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం, రాత్రి భోజనాలయ్యాక రెండు గంటలు ఈ పని. బల్ల మీద ఆడే యుద్ధపు ఆటకు కావలసిన సైనికుల బొమ్మలకు రంగులు వేస్తాడు. ఒక్కో బొమ్మ ఎత్తు పాదం నుంచి కంటి వరకు 28 మిల్లీమీటర్లు. అంగుళం కన్నా కాస్త ఎక్కువ. నేను ఆ ఇంట్లో ఉన్న పది రోజుల్లో ఒక బొమ్మ మొదటి నుంచి చివరి దాకా తయారవడం పక్కన కూర్చుని చూశాను. ఈ వ్యాసం ఆ చూపు గురించే.

ముందు ఆట గురించి రెండు మాటలు. యుద్ధాన్ని పలక మీద ఆడుకోవడం మనకు కొత్త కాదు. రథ, గజ, తురగ, పదాతులతో చతురంగం పుట్టింది ఈ నేల మీదే. 19వ శతాబ్దంలో ప్రష్యా సైన్యం తన అధికారుల శిక్షణకు పటాల మీద యుద్ధక్రీడను వాడింది. ఇంగ్లండ్‌లో రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అనే చిన్న పుస్తకం రాసి, పిల్లల సీసపు సైనికులతో పెద్దవాళ్లు కూడా ఆడుకునే నియమాలు ఏర్పరిచాడు. 1983లో ‘వార్‌హామర్’ వచ్చాక ఈ ఆట ప్రపంచమంతా పాకింది. పాచికలు, కొలత టేపు, రెండు సైన్యాలు ఉంటే ఆట మొదలవుతుంది. అయితే సైన్యం రంగులు లేకుండా వస్తుంది. రంగులు వేసుకోవడం ఆడేవాడి పని. ఆ పని ఆటను మించిన కళగా ఎదిగింది. 1987 నుంచి ‘గోల్డెన్ డీమన్’ పేరుతో దానికి ప్రత్యేకంగా పోటీలు జరుగుతున్నాయి.

మా వాడు వేస్తున్నది బొబ్బిలి సైన్యం. మా తాతల ఊళ్లు అటువైపే. కర్మాగారంలో పని వెతుక్కుంటూ రైలెక్కి వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. బొబ్బిలి కోట పడింది 1757 జనవరి 24న. అటు విజయనగరం రాజు విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు. ఇటు బొబ్బిలి రాజు రంగారావు, కోటలోని మనుషులు. “బొబ్బిలి వీరుడు పాపారాయుడిని చెయ్యవేంట్రా?” అని అడిగాను. “ఆయన్ని చివర్న చేస్తాను మావయ్యా. పేరు లేనోళ్లు ముందు” అన్నాడు. కొలువులో నేను చూసింది అలాంటి పేరు లేని బంటునే.

పని మొదలయ్యేది రంగుతో కాదు, సబ్బు నీళ్లతో. రెజిన్ బొమ్మ మీద అచ్చు తాలూకు జిడ్డు ఉంటే రంగు పట్టదు. మెత్తటి బ్రష్షుతో కడిగి ఆరబెట్టాడు. తర్వాత దాన్ని కిటికీ దగ్గర తిప్పి తిప్పి, అచ్చు రెండు సగాలూ కలిసిన చోట వెంట్రుకంత మందాన పొడుచుకొచ్చిన గీత కోసం వెతికాడు. బ్లేడును నిలువుగా పట్టి, కోయకుండా గోకుతూ ఆ గీతను తీసేశాడు. అరగంట పట్టింది. ఆ గీతను వదిలేస్తే తర్వాత వేసే ప్రతి పొరా దాన్ని దాచకపోగా ఇంకా ఎత్తి చూపిస్తుందట. బొమ్మను పాత మందు సీసా మూత మీద జిగురు ముద్దతో నిలబెట్టాడు. ఇక పని పూర్తయ్యే దాకా అతని వేళ్లు మూతను పట్టుకుంటాయి, బొమ్మను తాకవు.

రెండో మెట్టు ప్రైమర్. కొండపల్లిలో బొమ్మకు రంగు వేసే ముందు సుద్ద పూస్తారు కదా, ఇదీ అదే పని చేస్తుంది. పై రంగుకు పట్టు ఇస్తుంది. దీన్ని జానెడు పైచిలుకు దూరం నుంచి పలచగా చిమ్మాలి. తేమ ఉన్న రోజున చిమ్మితే ఇసుక చల్లినట్టు గరుకుగా దిగుతుంది. ఒక వానాకాలంలో మా వాడు అలా పది బొమ్మలు పాడు చేసుకున్నాడట. అందుకే ఇప్పుడు డాబా మీద బట్టలు త్వరగా ఆరే రోజు చూసుకుని ఆ పని పెట్టుకుంటాడు.

ఇక్కడే నాకు మొదటి ఆశ్చర్యం ఎదురైంది. బొమ్మంతా నల్లగా చిమ్మి, అది ఆరాక ఎడమవైపు నుంచి, పైనుంచి ఏటవాలుగా తెలుపు చిమ్మాడు. ఆ ఒక్క దిక్కు నుంచే. తలపాగా పైభాగం, ఎడమ భుజం, ముందుకు వేసిన మోకాలు తెల్లబడ్డాయి. గడ్డం కింద, చంక కింద, పంచె మడతల లోపల నల్లగానే ఉండిపోయింది. చుక్క రంగు పడకముందే పొద్దు ఎక్కడుందో బొమ్మ మీద రాసి ఉంది.

“ఇదెందుకురా? వెలుగు ఎలాగూ గదిలో ఉంటుంది కదా?”

“బొమ్మకి ఎండ తగల్దు మావయ్యా. మనమే పెట్టాలి.”

ఈ కళ మొత్తం ఆ మాటలో ఉంది. నిలువెత్తు మనిషిని అరవై వంతులకు కుదించవచ్చు. వెలుగును కుదించలేం. మనిషి చొక్కా మడత కింద వేలెడు వెడల్పున పడే నీడ, ఈ బొమ్మ మీద మిల్లీమీటరులో చిన్న వంతు అవుతుంది. గదిలో నలువైపుల నుంచీ వచ్చే కాంతి దాన్ని తుడిచేస్తుంది. అందుకే ఒకే రంగు పూసిన చిన్న బొమ్మ ఎంత బాగా చెక్కినా ముద్దలా కనిపిస్తుంది. నీడను ముదురు రంగుతో, వెలుగును లేత రంగుతో మనమే వేసి పెట్టాలి. ఈ పనివాడు వేసేది బట్టల రంగు ఒక్కటే కాదు, ఆ బట్టల మీద పడే పొద్దును కూడా.

మూడో మెట్టు అసలు రంగులు. టిఫిన్ డబ్బా మూతలో తడి స్పాంజి, దాని మీద బటర్ పేపరు. దాని మీద వేసిన నీటి రంగు రాత్రంతా ఆరకుండా ఉంటుంది. రంగును పాలలా పలచన చేసి, ఒక మందపు పూతకు బదులు రెండు పలచని పూతలు వేస్తాడు. మందంగా వేస్తే చెక్కిన వేళ్లూ కనుబొమలూ రంగులో మునిగిపోతాయి. ఇంత చిన్న బొమ్మకు ఇంకా సన్నటి బ్రష్షు వాడతాడనుకున్నాను. అతని చేతిలో కాస్త పొట్ట ఉన్న బ్రష్షు ఉంది. మరీ సన్నని బ్రష్షులో రంగు నిలవదు. బొమ్మ దాకా తెచ్చేలోపే మొన ఆరిపోతుంది. పొట్టలో రంగు దాచుకుని మొన మాత్రం సూదిలా ఉండే బ్రష్షే గీత గీయగలదు.

వరస కూడా బట్టలు కట్టుకునే వరసే. ముందు ఒళ్లు, తర్వాత పంచె, ఆపైన నడికట్టు, చివరకు కత్తి, డాలు. లోపలిది ముందు వేస్తే, పైదాన్ని వేసేటప్పుడు అంచులు వాటంతటవే చక్కబడతాయి.

నాలుగోది వాష్. బాగా పలచన చేసిన ముదురు రంగు. బొమ్మ మీద పెట్టగానే ఎత్తుల నుంచి జారి పల్లాల్లోకి చేరుతుంది, వాన నీరు పొలం గట్ల మధ్యకు చేరినట్టు. అయితే దాన్ని దాని దారికి వదిలేయడు. ఎక్కడైనా మడుగు కడితే పొడి బ్రష్షు మొన తాకించి పీల్చేస్తాడు. తర్వాత అరగంట చేతులు కట్టుకు కూర్చుంటాడు. తడి మీద తడి పెడితే కింది పొర లేచి వస్తుంది. ఈ అరగంటలు లెక్కపెడితే, బొమ్మ తయారైన సమయంలో సగం ఎదురుచూపే.

ఐదోది వెలుగు తేవడం. పల్లాల్లో చేరిన నీడను అలాగే ఉంచి, మిట్టల మీద మొదటి రంగును మళ్లీ వేస్తాడు. దానికి లేత రంగు కలిపి ఇంకా చిన్న చోట, మరికాస్త కలిపి అంతకన్నా చిన్న చోట. ఎక్కే కొద్దీ చోటు తగ్గుతుంది, వెలుగు పెరుగుతుంది. చామనఛాయ ఒంటికి తెలుపు కలిపితే బూడిద పూసినట్టు పాలిపోతుంది. అందుకని అతను పసుపు మట్టి రంగు కలిపాడు. నీడకు నలుపు బదులు నేరేడు ఛాయ కలిసిన గోధుమ వాడాడు. నుదురు, ముక్కు కొస, దవడ ఎముక, పిడికిలి కణుపులు ఒక్కొక్కటీ లేచి వచ్చాయి. ఎండలో చెమటోడ్చిన మన మనిషి ఒళ్లు అది. తెల్ల పంచెలో అసలు తెలుపు ఎంతో తెలుసా? మోకాలి మీది మడతల కొసల్లో నాలుగు గీతలు. మిగిలినదంతా గంధం కలిసిన బూడిద రంగు. ఆ నాలుగు గీతలే మొత్తం పంచెను మనకు తెల్లగా చూపిస్తున్నాయి.

కళ్ల దగ్గర మా ఇద్దరి ఊపిరీ ఆగింది. కంటి గుంటలో ముందు ముదురు గోధుమ, దాని మీద ఆ ముదురు అంచు మిగిలేట్టు తెల్లటి పలచని గీత, ఆ గీతలో ఒక చుక్క. అంతా అర మిల్లీమీటరు. రెండు చుక్కలూ పక్కకు జరిపి, బంటు దేన్నో ఓరగా చూస్తున్నట్టు పెట్టాడు. నేరుగా చూసే కళ్లలో వెంట్రుకవాసి తేడా వచ్చినా భయపడ్డ ముఖంలా ఉంటుందట. మన సంప్రదాయంలో బొమ్మకు కళ్లు తెరవడం చివరి పని. ఇక్కడ ముఖం ముందు పూర్తవుతుంది, తప్పు జరిగితే చుట్టూ ఉన్నది పాడవకుండా దిద్దుకోవడానికి. మొదటి చుక్క కుదరలేదు. గోధుమ రంగుతో కప్పేసి మళ్లీ మొదలుపెట్టాడు. మూడోసారి బంటు చూశాడు.

ఈ బొమ్మలో నాకు అన్నిటికన్నా నచ్చింది కత్తి. వెండి మెరుపు ఉన్న రంగు సీసా బల్ల మీదే ఉంది, అతను దాన్ని ముట్టుకోలేదు. ఉక్కును మామూలు రంగులతోనే గీశాడు. ఉక్కుకు సొంత రంగు తక్కువ. అది చుట్టూ ఉన్నదాన్ని చూపిస్తుంది. అందుకే కత్తి పైవైపు లేత నీలం, అది ఆకాశం. కిందివైపు ఎర్ర మట్టి ఛాయ, అది నేల. మధ్యలో దాదాపు నలుపు. ఆ నలుపును ఆనుకునే, ఏ మెత్తని మార్పూ లేకుండా, ఒక్కసారిగా తెల్లటి మెరుపు. ఆ నలుపు తెలుపుల పక్కపక్క నడకే మెరుపుగా కంటిని నమ్మిస్తుంది. 1912లో తొలి ఉక్కు పోసిన ఊళ్లో, రోజూ ఉక్కు మధ్య తిరిగే కుర్రవాడు మిల్లీమీటరు వెడల్పు కత్తి మీద దాన్ని ఇంత సరిగ్గా చదవడం చూసి నా మనసు నిండింది.

ఆఖరి మెట్టు నేల, కాపు. దిమ్మె మీద జిగురు రాసి ఇసుక చల్లి, ఎర్ర మట్టి రంగు వేశాడు. దాదాపు రంగు తుడిచేసిన బ్రష్షును తేలిగ్గా రాసేసరికి రేణువుల తలలు మాత్రం ఎండుగడ్డి ఛాయకు తిరిగాయి. పైన వార్నిష్ రెండుసార్లు. ముందు గట్టిదనానికి మెరిసే రకం, తర్వాత ఆ మెరుపును చంపే రకం. ఆటలో చేతులు పడే బొమ్మ కదా. గది దీపం దాని మీద మెరిస్తే, గీసిన ఎండ అబద్ధమైపోతుంది.

ఈ దారిని మిగతా దారుల పక్కన పెట్టి చూస్తే దాని విలువ ఇంకా తెలుస్తుంది. కొండపల్లి పనివారు తెల్ల పొణికి కొయ్యను సన్నని సెగకు ఆరబెట్టి, అవయవాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి రంగులు వేస్తారు. ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటి మీద నీడ ఉండదు. చదునైన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, పైన తెగువగా గీసిన నల్ల గీత. కొలువు మెట్టు మీద ఉన్న బొమ్మను గది అవతల నుంచి చూడాలి. అంత దూరంలో వెలుగునీడలు కరిగిపోతాయి, గీత నిలబడుతుంది. జంషెడ్‌పూర్‌కు దగ్గర్లోనే ఉన్న సరాయ్‌కెలాలో ఛౌ నాట్యానికి వాడే ముసుగుది మూడో దారి. ఈ నాట్యాన్ని 2010లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. మట్టి రూపం మీద బట్ట, కాగితం పొరలు అతికి చేసిన ఆ ముఖం నునుపుగా, లేత రంగులో, అతి తక్కువ గీతలతో ఉంటుంది. దాని మీదా నీడ గీయరు. నర్తకుడు తల వంచినప్పుడు, ఎత్తినప్పుడు వెలుగు దాని మీద జారి, అదే ముఖం దిగులు పడుతుంది, నవ్వుతుంది.

వెలుగు ఎక్కడి నుంచి రావాలన్నది ఒకే ప్రశ్న. ముసుగు చేసేవాడు దాన్ని నర్తకుడి మెడకు వదిలాడు. కొండపల్లి పనివారు గీత గీసి, వెలుగుతో పనిలేకుండా చేశారు. ఈ చిన్న సైనికుడికి రంగులు వేసేవాడు పొద్దును తానే తెచ్చి, పొర మీద పొరగా బొమ్మ ఒంటి మీద ఆరబెడతాడు. బొమ్మను ఎక్కడ నుంచి, ఎంత దూరం నుంచి చూస్తారో తెలుసుకుని చేసిన పని కాబట్టి మూడూ గొప్పవే.

కొలువు దగ్గర పేరంటం అయ్యాక ఆడపిల్లలు వెళ్లిపోయారు. అక్క ట్యూబ్‌లైటు ఆపి కింద దీపం ఒక్కటే ఉంచింది. కింది నుంచి వచ్చే వెలుగుకు పై మెట్ల బొమ్మల నీడలన్నీ గోడ మీదికి లేచి ఊగాయి. నేను మోకాళ్ల మీద కూర్చుని చివరి బంటును చూశాను. దీపం వాడికి కుడివైపు, పాదాల దగ్గర ఉంది. వాడి ఎడమ భుజం మీద, తలపాగా అంచు మీద, కత్తి వెన్ను మీద ఆ పొద్దుటి ఎండ చెక్కుచెదరకుండా ఉంది. కోట గోడ మీద నిలబడ్డ పేరు లేని మనిషికి, జనవరి నెల ఉదయం ఇంకా అయిపోలేదు.