అడిగి తీసుకోవలసినవి: ఒక ముందుమాట

పదో తరగతి పరీక్షకు స్క్రైబ్‌ను పెట్టుకోవచ్చన్న సంగతి చూపులేని పిల్లల తల్లిదండ్రులు చాలామందికి హాల్‌టికెట్లు చేతికొచ్చే దాకా తెలియదు. అప్పుడు మొదలవుతుంది పరుగు, సదరం సర్టిఫికెట్ కోసం ఒకరు, హెడ్‌మాస్టరు సంతకం కోసం ఒకరు. నేను బడిలో ఉన్నంతకాలం చూసిన ఈ అవస్థకు మందు ఈ పుస్తకంలో ఉంది. రచయిత్రి భవిత కేంద్రంలో టీచరు. దివ్యాంగుల చదువులో వాడే ఒక్కో మాట కింద ఎవరిని అడగాలో, ఎప్పుడు అడగాలో, ఏ కాగితం చూపాలో రాసింది.

'అదనపు సమయం' చూడండి. గంటకు కనీసం 20 నిమిషాలు ఇవ్వాలన్నవి 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు. దాన్ని దయాధర్మంగా చూసే ఇన్విజిలేటర్లు ఇంకా ఉన్నారు. వాళ్ల కోసమే కాబోలు, లెక్కల పరీక్ష ఎలా సాగుతుందో ఆమె పూసగుచ్చినట్టు చెప్పింది. పిల్లవాడు "త్రిభుజం ఏబీసీ, బీ దగ్గర లంబకోణం" అంటాడు. స్క్రైబ్ రాసి, మళ్లీ చదివి వినిపించాలి. భిన్నంలో గీత కింద ఏముందో పిల్లవాడు మనసులోనే నిలుపుకొని తర్వాతి మెట్టు చెప్పాలి. తోటివాడు ఒక్క చూపుతో సరిచూసుకునేదాన్ని ఇతను అడిగి చదివించుకోవాలి. మూడు గంటల పరీక్షకు కలిసే ఆ గంట అతనికి రావలసిన బాకీ.

'సహేతుక సదుపాయం' కింద 2021 నాటి వికాశ్ కుమార్ తీర్పును చేర్చడం మంచి పని. రాయబోతే చేయి బిగుసుకుపోయే జబ్బున్న ఆ సివిల్స్ అభ్యర్థికి 40 శాతం వైకల్యం లేదని స్క్రైబ్‌ను నిరాకరించారు. ఆ 40 శాతం గీత రిజర్వేషన్ల వంటి వాటికే గాని ఇలాంటి సదుపాయాలకు వర్తించదని సుప్రీంకోర్టు తేల్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది యూనికోడ్ అధ్యాయం. మన తెలుగు పుస్తకాలు ఎన్నో అను ఫాంట్లలో కంపోజైనవి. తెర మీద చక్కని తెలుగే కనిపిస్తుంది, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఎన్‌విడిఎ వంటి స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది, వినేవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. స్కాన్ చేసిన పేజీ అయితే అసలు నోరే విప్పదు. చూపులేనివారు చదవగలిగే రూపంలోకి మార్చుకోవడానికి 2012 కాపీరైట్ సవరణే వీలు కల్పించింది. అదే ఉద్దేశంతో 2013లో కుదిరిన మరాకెష్ ఒప్పందాన్ని 2014లో అందరికన్నా ముందు ఆమోదించింది మన దేశమే. ఇంత చేసీ ఫైలు దగ్గర ఆగిపోవడం బాధాకరం. ప్రచురణకర్తలు దీన్ని పట్టించుకోవాలి.

ఒక్క లోటు చెప్పాలి. డిస్లెక్సియాకు రెండు పేజీలు చాలవు. 1995 చట్టంలో చోటు దక్కని అభ్యసన వైకల్యాలు 2016 చట్టం గుర్తించిన 21లో చేరాయి, మన బడుల్లో మాత్రం ఆ పిల్లలకు 'మొద్దు' అన్న పేరు ఇంకా పోలేదు. మలిముద్రణలో ఈ భాగం పెంచమని రచయిత్రిని కోరాను, సరేనంది.

నామినల్ రోల్స్ పంపకముందే ప్రతి ప్రధానోపాధ్యాయుడూ స్క్రైబ్ అధ్యాయమైనా చదవాలని నా మనవి. అమ్మాయికి నా ఆశీస్సులు.