చివరి రుచి తినేవారి చేతిలో

వియత్నాం భోజనానికి మొదటిసారి కూర్చున్నవారు పళ్ళెం పక్కన పెట్టిన పచ్చి ఆకులను చూసి అలంకరణ అనుకుంటారు. నిజానికి ఆ పుదీనా, కొత్తిమీర, తులసి, నిమ్మచెక్క, మిరపముక్కలు అక్కడి వంటలో సగభాగం. వండేవారు రుచిని ఒక హద్దు దాకా తెచ్చి ఆపుతారు. ఆపైన పులుపు, కారం, పచ్చివాసన ఎంతెంతో తినేవారే తేల్చుకోవాలి.

ఫో అనే నూడుల్స్ గిన్నెలో ఈ పద్ధతి బాగా కనిపిస్తుంది. ఇది 20వ శతాబ్దం తొలినాళ్ళలో ఉత్తర వియత్నాంలో రూపుదిద్దుకుంది. గొడ్డు ఎముకలను ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్ళు పారబోసి, కడిగి, కొత్త నీళ్ళలో సన్నసెగ మీద గంటల తరబడి ఉడికిస్తారు. సెగ పెరిగి తెర్లితే రసం మసకబారుతుంది కనుక నురగ తీస్తూ కనిపెట్టుకుని ఉంటారు. అల్లం, ఉల్లిపాయలను పైపొర నల్లబడేదాకా నిప్పు మీద కాల్చి వేస్తారు. కొంత తీపి, పొగవాసన అక్కడి నుంచి వస్తాయి. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు మన మసాలాడబ్బాలోవే అయినా పొడి కొట్టరు. వేయించి గుడ్డలో మూటకట్టి వేసి, వాసన దిగాక తీసేస్తారు. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు దక్షిణానికి వలస వెళ్ళిన ఉత్తరాదివారితో ఫో మరింతగా అటు పాకింది. సైగాన్‌లో దానికి పెసర మొలకలు, తులసి ఆకులు తోడయ్యాయి. హనోయ్‌లో మాత్రం ఇప్పటికీ హంగు తక్కువ. ఎక్కడ తిన్నా ముందు రెండు చెంచాలు ఉత్త రసం తాగండి, నిమ్మ పిండడం ఆ తర్వాత.

ఉప్పదనం ఎక్కువగా నుయోక్ మామ్ అనే చేపల సాస్ నుంచి వస్తుంది. సుమారు మూడు పాళ్ళ నెత్తళ్ళకు ఒక పాలు ఉప్పు కలిపి, పెద్ద చెక్క పీపాల్లో ఏడాదిపాటు మాగబెడితే ఎర్రటి తేట దిగుతుంది. ఫూ క్వాక్ ద్వీపపు సరుకుకు 2012లో ఐరోపా సమాఖ్య భౌగోళిక రక్షణ దక్కింది. సీసా మూత తీస్తే వాసన ఘాటుగా ఉంటుంది. నీళ్ళు, పంచదార, నిమ్మరసం, వెల్లుల్లి, మిరప కలిపితే అదే నంజుకునే రసమై అన్నానికీ, కాల్చిన మాంసానికీ, బియ్యపు రేకుల్లో చుట్టిన రొయ్యలకూ సరిపోతుంది. కూరగాయల వంటల్లోనూ ఇది పడుతుంది కనుక శాకాహారులు ముందే అడగాలి. చాలామంది బౌద్ధులు చాంద్రమాసంలో మొదటి, పదిహేనో రోజుల్లో మాంసం మానేస్తారు కాబట్టి "చై" అని రాసివున్న శాకాహార భోజనశాలలు ఊరూరా దొరుకుతాయి.

కాఫీదీ ఇదే దారి, చివరి రుచి తాగేవారి చేతిలోనే. వియత్నాం ఎక్కువగా పండించేది చేదు, చిక్కదనం ఉన్న రోబస్టా గింజ. గ్లాసు మీద ఫిన్ అనే చిన్న లోహపు ఫిల్టర్ పెట్టి మన ముందుకే తెస్తారు. డికాక్షన్ బొట్టుబొట్టుగా అడుగునున్న తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్ మీదికి దిగుతుంది. తాజా పాలు దొరకని రోజుల్లో మొదలైన ఈ అలవాటు అక్కడ స్థిరపడిపోయింది. ఎంత కలపాలో, ఎప్పుడు మంచు వేయాలో తాగేవారి ఇష్టం.

ఓపికగా వండడం వంటింటివారి పని, శ్రద్ధగా కలుపుకోవడం మన పని. ఒకే కుండలోని రసం ఇంటిల్లిపాదికీ ఎవరి నాలుకకు తగ్గట్టు వారికి అందాలంటే ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.