కుంచె రాతకు అచ్చు రూపం: బ్రష్ స్క్రిప్ట్ పరిశీలన

బ్రష్ స్క్రిప్ట్ అనే ఇంగ్లీషు అక్షరశైలిని 1942లో అమెరికన్ టైప్ ఫౌండర్స్ సంస్థ కోసం రాబర్ట్ ఇ. స్మిత్ రూపొందించారు. దళసరి గీతలు, కుడివైపు వాలు, ఒకదాన్నొకటి అందుకునే చిన్నబడి అక్షరాలు దీని ప్రధాన లక్షణాలు. చూడగానే ఎవరో కుంచెతో చకచకా రాసినట్లనిపిస్తుంది.

అది సీసపు టైపుల కాలం. ప్రతి అక్షరమూ విడి దిమ్మె. ఏది ఏ అక్షరం పక్కన చేరినా గీత కలవాలంటే, కలిసే చోటు అన్నింటికీ ఒకే ఎత్తులో ఉండాలి. స్మిత్ దీన్ని నేర్పుగా సాధించారు. ఈ శైలి బలం ఇదే. బలహీనత కూడా ఇక్కడే ఉంది. మనిషి చేయి ఒక అక్షరాన్ని రెండుసార్లు ఒకేలా రాయదు. ఇందులో 'కాఫీ' అనే ఇంగ్లీషు మాటను కూర్చితే రెండు 'ఎఫ్'లూ, రెండు 'ఈ'లూ అచ్చుగుద్దినట్టు ఉంటాయి. చేతిరాత అనే భ్రమ అక్కడితో తొలగిపోతుంది.

కాబట్టి దుకాణం పేరు, ప్రకటన శీర్షిక వంటి రెండు మూడు మాటలకే ఇది తగినది. పేరా అంతా దీనితో కూర్చితే కంటికి శ్రమ. పెద్దబడి అక్షరాలు ఒకదానితో ఒకటి కలవవు. అన్నీ అవే వాడితే శైలి ప్రయోజనమే దెబ్బతింటుంది.

మీ బజారులో కుంచె రాతలా కనిపించే ఇంగ్లీషు బోర్డును గమనించండి. రెండుసార్లు వచ్చిన అక్షరాన్ని పోల్చి చూస్తే, అది చిత్రకారుని చేతి పనో, అచ్చు అక్షరమో మీరే చెప్పగలరు.