లోతు తెలిసిన చేతులు

బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లలు మోకాలు మెలిపడినా, చీలమండ బెణికినా ముందు యూట్యూబ్ తెరుస్తారు. ఫిజియోథెరపిస్టు ఇచ్చే రబ్బరు బ్యాండే అక్కడా, అవే వ్యాయామాలు. దానికో మనిషెందుకని వాదన. కానీ ఫిజియోథెరపిస్టు పనితనమంతా మోతాదులో ఉంది. ఎంత బరువు, ఎన్నిసార్లు, ఏ నొప్పి దగ్గర ఆగాలి, దేన్ని ఓర్చుకోవచ్చు అన్నది నడక చూసి, కీలు వంచి చూసి, మళ్లీ మళ్లీ మార్చే లెక్క. వీడియో మనకు చూపిస్తుందే గానీ మనల్ని చూడదు కదా! నీళ్లలో ఈ లెక్క ఇంకా స్పష్టం. నడుం లోతులో కాళ్ల మీద పడేది ఒంటి బరువులో దాదాపు సగం. మెడ లోతులో సుమారు పదో వంతే. అందుకే నేల మీద కుంటేవాడు కొలనులో నడవగలడు. కోలుకునేకొద్దీ లోతు తగ్గించుకుంటూ రావడంలోనే ఉంది నేర్పు. దీనికి ఊళ్లోని కౌన్సిల్ లీజర్ సెంటర్ కొలను చాలు. ఆసుపత్రి హైడ్రోథెరపీ కొలనంత వెచ్చగా మాత్రం ఉండదు, బిగుసుకున్న కీలుకు ఆ తేడా తెలుస్తుంది.

అక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఫిజియో కోసం వారాల తరబడి ఎదురుచూడాలన్న ఫిర్యాదు నిజమే. అయితే ఇంగ్లండ్‌లో చాలాచోట్ల జీపీ (స్థానిక వైద్యుడి) చీటీ లేకుండా నేరుగా ఫిజియోకి పేరు నమోదు చేసుకోవచ్చు. వీసాతో హెల్త్ సర్‌చార్జి కట్టినవాళ్లకు విడిగా రుసుము ఉండదు. ఆగలేక ప్రైవేటుకు వెళ్తే ఒక్క జాగ్రత్త: ఫిజియోథెరపిస్టు అన్న హోదాకు అక్కడ చట్టరక్షణ ఉంది. ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్టరులో పేరుందో లేదో ముందే చూసుకోండి. అందుకు పైసా ఖర్చు లేదు.