మెట్లు నిలిపే చెవి: వీణానిర్మాణం – ఒక పరిశీలన

తిరుపతి శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో వీణావాదనం పాఠ్యాంశం. అయితే వీణానిర్మాణం గురించి మన సంగీత విమర్శ చెప్పినది స్వల్పం.

1920ల నాటి టెనర్ బాంజోలో మెట్లు గణితపు కొలతను అనుసరించి మెడపలకలో స్థిరంగా దిగుతాయి. ఒకే పనసదుంగను తొలిచి చేసే బొబ్బిలి వీణలో 24 మెట్లు మైనంపై నిలుస్తాయి. వాటి స్థానాన్ని చివరకు నిర్ణయించేది నిర్మాత చెవి. మైనం కుంగితే స్వరం తప్పుతుంది. మళ్ళీ ‘మేళం కట్టాలి’. కనుక ఈ పనిని స్వరజ్ఞానంగా గుర్తించాలి. వడ్రంగం పరిధిలో అది ఇమడదు.

24 మెట్ల వీణతో ముడిపడిన తంజావూరు రఘునాథనాయకుని పేరు సాహిత్యచరిత్రలో నిలిచింది. ఆ మెట్లు నిలిపిన శిల్పుల పేర్లు నిలవలేదు. కుండ, దండి, యాళి, మేళం వంటి వృత్తిపదాలనైనా వారి వారసుల నోట విని నమోదు చేయడం తెలుగు పరిశోధకుల తక్షణ కర్తవ్యం.