కేకు మీద ముఖం నిలవాలంటే

ఫొటో కేకు బాగా వచ్చిందంటే అందరూ ప్రింటర్‌నే మెచ్చుకుంటారు. నిజానికి ప్రింటర్‌ది అందులో సగం పని కూడా కాదు. మిగతాదంతా తేమతో పడే పేచీ. అనంతపురం నుంచి కదిరి పోయే రోడ్డు మీద ఉన్న ముదిగుబ్బలో ఆ పేచీ తీరే వేరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని సీమ ఇది. కోస్తాలో బొమ్మను ప్రింట్ చేసే తినే షీటు జిగటెక్కి చేతికి అంటుకుంటుంది. ఇక్కడ ఏప్రిల్ మధ్యాహ్నం అదే షీటు పెళుసెక్కి పుటుక్కున విరుగుతుంది.

ప్రింటర్ మామూలు ఇంక్‌జెట్టే. కాకపోతే అందులో మొదటి నుంచీ తినే ఇంకే వాడాలి. ఆఫీసు ఇంకు ఒక్కసారి ఎక్కిన మెషీన్‌ను ఎంత కడిగినా కేకు పనికి తీసుకోకూడదు. తినే ఇంకులో ఉండేది నీళ్లు, గ్లిజరిన్ వంటి ద్రవాలు, ఆహారపు రంగులు. మన దేశంలో కేకుల్లాంటి వాటికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. టార్‌ట్రజీన్ పసుపు, కార్మోసిన్ ఎరుపు, బ్రిలియంట్ బ్లూ అందులోవే. కిలో తినుబండారానికి 100 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. మెట్ట గాలికి ఈ ఇంకు త్వరగా ఆరి, ప్రింట్ హెడ్‌లోని సన్న రంధ్రాలు పూడుకుపోతాయి. అందుకే ఆర్డర్ ఉన్నా లేకపోయినా రెండు మూడు రోజులకోసారి ఒక రంగుల పేజీ తీయాలి. ఆ పేజీ దండగని పొదుపు చేసినవాళ్లు ఆనక హెడ్డే మార్చుకోవాల్సి వస్తుంది.

షీట్లు ముఖ్యంగా రెండు రకాలు. వేఫర్ షీటు బంగాళాదుంప గంజిపొడితో చేసింది. ఇది మనకేం కొత్త కాదు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండను వేడి చేసి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను దాని మీద పరిచి తీస్తే పూతరేకు వస్తుంది. ఆ రేకుకూ ఈ షీటుకూ ప్రాణం గంజే. నీళ్లు తగిలితే రెండూ ముడుచుకుంటాయి. కాబట్టి వేఫర్ షీటును నేరుగా విప్పింగ్ క్రీమ్ మీద వేస్తే అరగంటకే ముఖానికి ముడతలు పడతాయి. వెనక పల్చగా జెల్ రాసి అతికిస్తే కొంత నయం. రెండోది ఫ్రాస్టింగ్ షీటు, అంటే ప్లాస్టిక్ మీద పల్చగా పరిచిన చక్కెర పొర. ఖరీదు ఎక్కువే, కానీ క్రీమ్‌లోని తడిని మెల్లగా పీల్చుకుని అందులోనే కలిసిపోతుంది. పుట్టినరోజు కేకుకు నా ఓటు దీనికే.

ఈ ప్రింటర్‌కు తెల్ల ఇంకు లేదు. బొమ్మలో కనిపించే తెలుపంతా షీటుదే. వేఫర్ షీటు కాస్త మసకగా, వెలుతురు దూరేలా ఉంటుంది కాబట్టి చాక్లెట్ క్రీమ్ మీద పెడితే పిల్లాడి ముఖం నల్లబడుతుంది. కింద తెల్ల క్రీమ్ పరిచి తీరాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోకు వెలుతురు కాస్త పెంచుకోవాలి. నీడల్లో రంగులు ఒకదాని మీద ఒకటి పడితే, మన చామనఛాయ ముఖాలు ఆకుపచ్చకు తిరుగుతాయి. స్క్రీన్ మీద చూసి మురిసిపోకుండా, ముందు చిన్న ముక్క తీసి చూసుకునేవాడే పనివాడు.

ఇక అతికించడం. ప్రింటైన షీటు ఆరడానికి కొన్ని నిమిషాలు చాలు. ఆ వెంటనే జిప్ కవర్‌లోకి పోవాలి. ఫ్యాన్ కింద వదిలేస్తే అంచులు లేస్తాయి. వానాకాలంలో ప్లాస్టిక్ నుంచి ఊడి రాకపోతే నిమిషం, రెండు నిమిషాలు ఫ్రీజర్‌లో పెడతారు. ఊడదీసేటప్పుడు షీటును పట్టుకుని లాగకూడదు. బల్ల అంచు మీదుగా ప్లాస్టిక్‌ను కిందికి వంచుతూ పోతే షీటు తనంతట తానే ముందుకు వస్తుంది. కేకు పైభాగం పలకలా చదునుగా ఉండాలి. షీటును నడుమ ఆనించి, పొడి చేత్తో అంచుల వైపు నిమురుతూ గాలి బయటికి పంపాలి. క్రీమ్‌కు తగిలాక మళ్లీ ఎత్తడం కుదరదు. చుట్టూ కోన్‌తో పూల అంచు వేసేది అందానికే అనుకుంటాం గానీ, షీటు అంచును కప్పి, లేవకుండా పట్టి ఉంచేది కూడా అదే.

నాకు అన్నిటికన్నా విలువగా తోచేది ముఖం కాదు, పేరు. కోన్ పట్టుకుని క్రీమ్‌తో ‘లక్ష్మి’ అని రాయడం మాటలు కాదు. క కింద ష వత్తు, దాని కింద మ వత్తు, పైన గుడి. అందుకే బేకరీల్లో చాలామంది ఇంగ్లిషు అక్షరాల్లోనే లాగించేస్తారు. ప్రింట్ వచ్చాక తెలుగు పేరు వత్తులతో సహా కేకెక్కింది. అయితే అక్షరం పెద్దదిగా, లావుగా పెట్టాలి. చిన్నదైతే చక్కెర పొరలో ఇంకు పాకి, వత్తులన్నీ ఒకే మచ్చగా అలుక్కుపోతాయి.

కోసేటప్పుడు ఇంకో తంటా. సొంత బిడ్డ ముఖం మీద కత్తి పెట్టడానికి తల్లికి చేతులు రావు. నాయకుడి పుట్టినరోజుకు తెచ్చిన కేకైతే కార్యకర్తలు మూలనే కోసి చప్పట్లు కొడతారు. తెలిసిన బేకరీవాళ్లు బొమ్మను ఒక పక్కకు జరిపి, కత్తికి కాస్త చోటు విడిచిపెడతారు. హీరోల కేకులకు మాత్రం ఈ మొహమాటం లేదు. మీసం ముక్క నాకంటే నాకని పిల్లకాయలు మీద పడతారు.