కాగితంపై గుర్రాన్ని నిలిపే పనితనం

జహీరాబాద్ మహీంద్రా ఫ్యాక్టరీలో తయారైన ట్రాక్టర్‌కు ఛాసిస్ నంబరు పడుతుంది; అది తుక్కయ్యేదాకా మారదు. గుర్రానికి అలా కుదరదు. పుట్టినప్పుడు నల్లగానో ఎర్రగానో ఉన్న గ్రే రంగు గుర్రపు పిల్ల కొన్నేళ్లకు తెల్లబడిపోతుంది. అయినా మలక్‌పేట రేస్‌కోర్సులో దిగిన గుర్రం ఫలానాదేనని తేల్చి చెప్పగలుగుతున్నారంటే, దాని వెంట వచ్చే గుర్తింపు పత్రమే కారణం.

ఆ పత్రంలో గుర్రం రేఖాచిత్రాలు అచ్చువేసి ఉంటాయి: కుడి, ఎడమ పక్కలు, ఎదురుగా ముఖం, కింది నుంచి మెడ, వెనక నుంచి కాళ్లు. పశువైద్యుడు గుర్రం చుట్టూ తిరుగుతూ తెల్లమచ్చల అంచులను ఎర్ర సిరాతో గీస్తాడు. నొసటి చుక్క కళ్ల వరుసకు పైన ఉందా, కిందికి జారిందా? ముఖం మీది చార ముక్కు దాకా దిగిందా, నడుమ ఆగిందా? కాలి తెలుపు గిట్ట పైనే ఉందా, మోకాలిదాకా పాకిందా? ఇదంతా బొమ్మలోనూ ఉండాలి, పక్కన మాటల్లోనూ ఉండాలి. రెండింటి మధ్య అణువంతైనా తేడా రాకూడదు.

అసలు నైపుణ్యం సుడుల దగ్గర బయటపడుతుంది. ఒక్క తెల్లమచ్చా లేని గుర్రానికి అవే ఆనవాళ్లు. వెంట్రుకలు తిరిగిన చోటల్లా నల్ల సిరాతో ఇంటూ గుర్తు పడుతుంది. మన పల్లెల్లో సుడి చూసేది అచ్చివస్తుందో లేదో తెలుసుకోవడానికి. వైద్యుడు చూసేది ఆ గుర్రాన్ని మరో గుర్రంతో పొరబడకుండా ఉండటానికి. ఈ జాగ్రత్త పాతదే. సైనికులు నాసి గుర్రాలను చూపి మోసం చేయకుండా అల్లావుద్దీన్ ఖిల్జీ ముద్రలు వేయించాడు. అక్బర్ ఆ పద్ధతిని మళ్లీ నిలబెట్టాడు.

ఇప్పుడు మెడకు ఎడమవైపు, జూలు కింద, 15 అంకెల మైక్రోచిప్ ఎక్కిస్తారు. అందులో బ్యాటరీ ఉండదు. రీడర్ దగ్గరికి తెస్తేనే నంబరు పలుకుతుంది. మేలుజాతి పందెపు గుర్రాలకు తల్లిదండ్రులెవరో డీఎన్ఏతో తేల్చాకే పుణెలోని భారత స్టడ్‌బుక్ సంస్థ నమోదు చేస్తుంది. చిప్ చదవడానికి యంత్రం కావాలి. మంచి వైద్యుడు గీసిన బొమ్మకు కళ్లు చాలు.

అయితే గుర్తింపు వేరు, హక్కు వేరు. ఇది ఏ గుర్రమో పత్రం చెబుతుంది. ఎవరి గుర్రమో చెప్పాలంటే అమ్మకపు రసీదు, యజమాని పేరు మార్పు కావాలి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం కింద గుర్రమూ చరాస్తే. సంగారెడ్డిలో పెళ్లి బరాత్ కోసం గుర్రం కొనేవారైనా సరే, ముందు సుడులను బొమ్మతో సరిచూసుకోండి, చిప్ ఉంటే చదివించండి, రసీదులో ఆ ఆనవాళ్లు రాయించండి. ఆ తర్వాతే డబ్బు చేతిలో పెట్టండి.